పెళ్లికి ముందు ఏడుపు పాఠాలు

మిర్యాలగూడ,
సోమవారం.

దాదీకి, మనవరాలు యమున కాళ్లకు మొక్కి రాస్తున్నది.

పెళ్లికి ఇంకా ఇరవై నాలుగు రోజులే ఉన్నాయి. నిన్న కోదాడ నుంచి పెళ్లికొడుకు చరణ్ వాళ్ల మేనత్త వచ్చి, "పిల్లకు ఢావ్లో వచ్చు గదా?" అని అడిగింది. బాపు నా వైపు చూడకుండానే, "ఎందుకు రాదు, నన్ను కన్న యాడీకి మనవరాలాయె" అనేశాడు. నాకు టీ గొంతుకు అడ్డం పడింది. ఢావ్లో అంటే పెళ్లికూతురు పుట్టింటివాళ్ల మెడలు పట్టుకుని, పేరుపేరునా మన లంబాడీ భాషలో పాడుతూ ఏడవడమని నాకూ తెలుసు. కానీ నాకు ఆ భాషలో వచ్చినవి రెండే ముక్కలు: "అన్నం తిన్నావా", "ఇటు రా". వాటితో ఎంతసేపని ఏడవను? ఊరందరి పిల్లలకూ స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పేదాన్ని, నా పెళ్లిలో నేనే మూగదాన్నయితే నీ పరువు ఏం కాను?

ఫోన్‌లో వద్దు. నువ్వు స్పీకర్ పెడతావు, తండా అంతా వింటుంది. మన భాషకు సొంత లిపి లేకపోతే ఏం, తెలుగు అక్షరాల్లోనే రాసి పంపు.

ఇట్లు,
భయంతో, యమున.

తా.క.: కొంచెం చిన్నది పంపు. సిలబస్ ఎక్కువైతే కష్టం.

*

చివ్వెంల దగ్గరి మన తండా,
గురువారం.

బిడ్డ యమునకు దాదీ పుష్పాబాయి దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు సదువుకున్న. ముసలితనంల వయోజనుల బడికి పోయి నేర్సుకున్న అక్షరాలు గిట్ల అక్కరకొచ్చినయ్. నా పెండ్లికి నేనేడ్సిన ఢావ్లోనే ఈ కాగితంల రాసి పెడుతున్న. మూడు తండాలోళ్లు దాన్ని ఇంకా యాది చేస్తరు.

జర ఇను. ఏడుపు కాగితం మీద నేర్సుకునేది గాదు, నోటికి రావాలె. ఎవరిదన్న మెడ పట్టుకో, పేరు పిలువు, గొంతు సాగదియ్యి, ఊపిరి అందకుంటె ఆగు, ఇగ ఇంకో మెడకు పో. దినాం మూడు పూటలు ఏడువు, గట్టిగ. ఒక్క ముక్క గూడ మార్సకు. మార్సినవో, నీ పెండ్లికి నేను రాను.

ఉంట మరి,
నీ దాదీ.

తా.క.: కండ్లల్ల నీళ్లు రాకుంటె కొంగున ఉల్లిగడ్డ కట్టుకో. నేను గూడ కట్టుకున్న. ఎవ్వలకు చెప్పకు.

*

మిర్యాలగూడ,
ఆదివారం.

దాదీకి దండాలు.

మొదటి పూటే కొంప మునిగింది. తలుపేసుకుని దిండు మెడ పట్టుకుని ఎత్తుకున్నానో లేదో, ఇంటి ఓనరు నర్సమ్మత్త పరుగున వచ్చి నన్ను వాటేసుకుంది. "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని తనూ మొదలుపెట్టింది. నేను నోరు తెరిచేలోపు గల్లీలోని ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. మూడిళ్ల నుంచి పప్పూ అన్నం వచ్చేశాయి. పక్కింటి మహేందరన్న, "ఫ్రీజర్ బాక్స్ మాట్లాడాల్నా చెల్లె?" అని మెల్లగా అడిగాడు.

సాయంత్రం బాపు రైస్‌మిల్లు డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఆయన్ని చూడగానే ఇద్దరు కెవ్వుమన్నారు. పోయింది ఆయనే అనుకున్నారట. ఇది పెళ్లి పాట అని చెప్తే ఒక్కరన్నా నమ్మితే ఒట్టు.

ఇట్లు,
పప్పన్నం తినలేక, యమున.

తా.క.: పాటలో సోమ్లా భియా అని ఒక అన్న ఉన్నాడు. మా అన్న పేరు రాజేందర్ కదా. ఆ ఒక్కటీ మార్చుకోనా?

*

తండా,
బుధవారం.

యమునా, ఇది కోపంతోటి రాస్తున్న ఉత్తరం.

మీ గల్లీ నుంచి వడ్ల లారీల పోయినోడు కోదాడల ఏం చెప్పిండో ఎరికేనా? పెండ్లిపిల్ల మూడు పూటలు ఏడుస్తున్నదంట, ఎవరిదో మెడ పట్టుకోని! పిల్లకు ఈ పెండ్లి ఇష్టమేనా అని పెద్దమనుషులు నా ఇంటికొచ్చి అడిగిండ్రు. నా తలకాయ యాడ వెట్టుకోవాలె? నిజం చెప్పు, ఎవని మెడ అది? నీకు ఇంకెవడన్న నచ్చిండా? నచ్చితె నాకు చెప్పు, మీ బాపుకు నేను చెప్త, కట్టె పట్టుకోని చెప్త. అయినా మూడు పూటలు ఏడ్వమని నీకు ఎవలు చెప్పిండ్రే?

పరేషాన్‌ల ఉన్న,
దాదీ.

తా.క.: సోమ్లా పేరు ముట్టకు.

*

మిర్యాలగూడ,
శనివారం.

మతిమరుపు దాదీకి,

మూడు పూటలు ఏడవమన్నది నువ్వే! ఆ మెడ నర్సమ్మత్తది. పాపం, ఆమె మెడ పట్టేసింది కూడా, జండూబామ్ రాస్తున్నాను.

నిన్న చరణ్ కోదాడ నుంచి బండి మీద వచ్చేశాడు. గుమ్మంలోనే తలొంచుకుని, "ఇష్టం లేకపోతే చెప్పు యమునా, నేనే వద్దన్నానని చెప్తా" అన్నాడు. ఆ మాటకు నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఇక ఊరుకుంటే లాభం లేదని ఢావ్లో మొత్తం పాడి వినిపించాను. రెండో మెడకే ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "మా అక్క పెండ్లిల విన్న" అన్నాడు. దాదీ, నాకు ఆ అబ్బాయి చాలా నచ్చాడు.

నర్సమ్మత్త బ్యాచ్‌కు పాటంతా నోటికి వచ్చేసింది. నాకన్నా బాగా ఏడుస్తున్నారు. తొమ్మిది మందీ పెళ్లికి వస్తారట.

ఇట్లు,
యమున.

తా.క.: సోమ్లా తాత నీ సొంత అన్న అని బాపు చెప్పాడు. నువ్వు వయోజనుల బడికి పోతుంటే "పలక పట్టిన ముసల్ది, ఇగ కలెక్టరైతది" అని నలుగురిలో నవ్వాడనీ, అప్పటి నుంచి పన్నెండేళ్లుగా మీకు మాటల్లేవనీ చెప్పాడు. ఆ పేరు వింటే నీ మనసు నొచ్చుకోదూ? అందుకే రాజేందర్ అనే పాడతాను. తిట్టుకున్నా సరే.

*

కోదాడ,
పెళ్లయిన నాలుగో రోజు.

దాదీ, నన్ను క్షమించు.

రాజేందర్ అందామనే అన్న మెడ పట్టుకున్నాను. నోరు వినలేదు. "సోమ్లా భియా, చెల్లెను మరిచిపోకు, నీ గడపకొచ్చే తోవ మూసెయ్యకు" అని సాగదీసేశాను. అన్న నా చెవిలో "నేను రాజేందర్‌నే" అంటూనే ఉన్నాడు. పందిరంతా ఒకటే నవ్వు. తాత వరసైన మనిషిని అన్నా అని ఏడ్చిన పెళ్లికూతురు ఎక్కడైనా ఉంటుందా? అప్పుడే వంటపొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చున్న సోమ్లా తాత లేచాడు. వలవలా ఏడుస్తూ నన్ను దాటుకుని నీ దగ్గరికి వచ్చాడు. నీ కొంగున ఉల్లిగడ్డ లేదు, నేను చూశాను. నర్సమ్మత్త వాళ్లు ఎత్తుకున్న కోరస్‌కు బ్యాండువాళ్లు కూడా ఆగిపోయారు.

ఇట్లు,
నీ గుట్టు పందిట్లో బయట పెట్టిన యమున.

తా.క.: మా అత్తమ్మ నా ఢావ్లో మెచ్చుకుని, మన భాషలో పావుగంట మాట్లాడింది. ఏం అర్థం కాక "అన్నం తిన్నావా" అన్నాను.

*

తండా,
సోమవారం.

బిడ్డ యమునకు, అల్లుడు చరణ్‌కు దాదీ దీవెనలు.

ఎందుకే క్షమించుడు? ఒక్క ముక్క మార్సకని ఊకెనే చెప్పిననుకున్నవా? నా పెండ్లినాడు నేనేడ్సిన పాటల సోమ్లా పేరే లేదు. ఆనాడు గొడ్లు తప్పిపోయినయని ఎతకబోయి, నన్ను సాగనంపుటానికి గూడ రాలే. ఆ ముక్క నీ ఉత్తరం వచ్చినంక నేనే కూసొని రాసిన. పన్నెండేండ్ల సంది నా నోటికి రాని మాట, నీ నోటికి నేర్పిన. నువ్వు మంచిగ నేర్సుకున్నవ్ బిడ్డా.

ఇగ మీ అత్తమ్మతోటి మాట్లాడుటానికి వారానికి పది మాటలు రాసి పంపుత. ఈసారి నవ్వే మాటలు.

ఉంటం మరి,
నీ దాదీ.

తా.క.: మీ సోమ్లా తాత పొద్దుగాల్నే వచ్చి, "పాటల నా పేరు యాడున్నదో సూపియ్యి" అన్నడు. నా కాడున్న చిత్తు కాగితంల సూపిచ్చిన. నా పాత పలక అడిగి తీస్కున్నడు. నేను నవ్వలే, జర్రంతనే నవ్విన. కింద రాసింది ఆయననే, నేను చెయ్యి పట్టలే.

సో మ్లా