పొయ్యి పక్క గోడ

సిద్ధగోరా, 1960 శ్రావణం, గురువారం రాత్రి.

మలేరియా నిర్మూలనకు విదేశాల నిధులు, ఢిల్లీ ఆమోదం, పాట్నా సంతకం సమన్వయం కావడానికి పట్టిన కాలంలోనే నా భార్య సుభద్ర జ్వరంతో పోయింది. ఆ కాలాన్ని ఏ కార్యాలయమూ ఆలస్యమని పేర్కొనలేదు. నేను పనిచేసే మలేరియా ఆఫీసు కూడా పేర్కొనలేదు.

ఈ రోజు గోడలకు దోమల మందు కొట్టే అప్పలస్వామి మా వంటింటికి వచ్చాడు. పొయ్యి దగ్గర నుంచి లేచేటప్పుడల్లా సుభద్ర గోడకు చెయ్యి ఆనించేది. అక్కడ ఆమె పసుపు అరచేయి అచ్చుపడి ఉంది.

"బాబూ, ఇది అమ్మగారి సెయ్యి కదండీ. ఒగ్గీమంటారేటి?"

"మినహాయింపులు లేవు" అన్నాను.

"ఒగ్గేత్తే ఎవులికి తెలుత్తాది బాబూ?"

"దోమకు తెలుస్తుంది. కొట్టు."

కొట్టాడు. ఆరిన తరువాత తెల్లని పొడి కింద పసుపు ఇంకా లీలగా కనబడుతూనే ఉంది. దసరాకు సున్నం వేయిద్దామని, ఇప్పుడు ఇల్లు చూసుకుంటున్న మా వదిన అంది. మందు కొట్టిన గోడకు సున్నం వేయరాదన్న ఉత్తర్వును ఆమెకు చదివి వినిపించాను. నా ఉద్యోగ జీవితంలో ఏ ఉత్తర్వునూ ఇంత ప్రేమగా చదవలేదు.

అదే ఉత్తర్వు ప్రకారం ఆ గోడను తాకడం కూడా నిషిద్ధం. కనుక భోజనమయ్యాక, దానికి జానెడు దూరంలో పీట వేసుకుని కూర్చున్నాను.