సుజాత ముఖానికి మూడో అచ్చు

అక్కా, తప్పు నీదే. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకున్నావు. పెదవులు బిగపట్టడం నీ బిడ్డకూ నేర్పావు. నీ పండ్లు చూసి నవ్విన ఊరిని తిట్టీ తిట్టీ అలిసిపోయాను, ఇవాళ నిన్నే తిడుతున్నాను.

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న నీ బిడ్డ సుజాతను మన ఖేడ్ నుంచి బస్సులో పట్నం దవాఖానకు తీసుకుపోయాను. నీలాగే ముందుకొచ్చిన దవడను ఆపరేషన్ చేసి వెనక్కి జరిపితే పెదవులు, బుగ్గలు ఎలా కుదురుతాయో ముందే చూడాలట. అందుకే ముఖానికి అచ్చు తీస్తారు. రెండు అచ్చులు పాడయ్యాయి.

"పెదవులు వదులు చెయ్ బిడ్డా, కొలత తప్పైతది," అన్నాడు డాక్టర్.

"వదిలితే పండ్లు కనబడ్తయ్ మామా. అమ్మ తిడ్తుండె."

"అమ్మ ఇగ తిట్టదు. వదులు," అన్నాను.

మూడోది సరిగ్గా వచ్చింది.

నా డిమాండ్లు ఇవి:
ఖేడ్ దవాఖానకు పండ్ల డాక్టర్ రావాలి.
సుజాతను ఎవరూ నోరు దాచుకోమనొద్దు.
కొంగు అడ్డం లేని నీ ఫోటో ఒక్కటి కావాలి.