మేక కొరికిన అంటు

పుత్తూరు దగ్గర,
ఏప్రిల్ 7

ప్రియమైన స్రవంతికి,

ఎండ పొద్దున తొమ్మిదికే మొదలవుతోంది. మధ్యాహ్నం నగరి కొండల వైపు మబ్బు పడుతుంది, నాలుగు చుక్కలు కూడా రాల్చకుండా వెళ్లిపోతుంది. ఈ రోజు ఎర్రమట్టి, పేడ ఎరువు కలిపి మొక్కల కవర్లలో నింపాను. వానలు మొదలయ్యేసరికి టెంకలు పాతాలి. అమ్మ రెండు వరసలు నింపి నడుము పట్టిందని లేచింది. లోహిత కవర్లకంటే తన ఒంటికే ఎక్కువ మట్టి నింపుకుంది.

నువ్వు చెప్పిన పద్ధతి బాగానే ఉంది. ఫోనులో పాప గురించి, తిండి గురించి, అమ్మ మోకాలి గురించి మాట్లాడుకుందాం. ఉద్యోగం మాట ఉత్తరాల్లోనే. మొన్న మనం అరుచుకున్న అరుపులకు అమ్మ వీధిలోకి పోయి కూర్చుంది. నువ్వు ఫోను పెట్టేశాక లోపలికి వచ్చి, "ఒరే, మీ ఇద్దరి గొంతులకు ఫోను యాల? సత్యవేడు దాకా ఊరికే వినపడతాది" అంది. కాగితం మీద అరవడం కష్టం. చూద్దాం.

మీ ఫ్యాక్టరీ స్టోర్స్‌లో నాకు పని ఇప్పిస్తానంటున్నావు. నేను ఐటీఐ పాసైన మాట నిజమే. జీతం నెల నెలా వస్తుందన్నదీ నిజమే. మామిడి అంట్లు కట్టేవాడి సంపాదన వానను బట్టి, తోట యజమాని మనసును బట్టి ఉంటుందన్నదీ నిజమే. కానీ వేరుమొక్క మీద పుల్ల కట్టి, పట్టీ చుట్టి, మూడు వారాలు ఎదురుచూశాక కొనన ఎర్ర చిగురు కనిపిస్తుందే, అది చూసిన రోజు నాకు అన్నం బాగా సయిస్తుంది. అట్టపెట్టెలు లెక్కపెట్టి వచ్చిన రోజు అట్లా తినగలనా అని నా అనుమానం. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

ఒక కబురు. బావి దగ్గర చెట్టు మొదటిసారి పిందె నిలిపింది. అదే, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మీ అవ్వ రుక్మిణమ్మ పెరటి మామిడిని కొట్టేస్తుంటే నేను పరిగెత్తి తెచ్చి అంటు కట్టిన పుల్లల్లో బతికిన ఒక్కటి. లోహిత కంటే ఏడాది పెద్దది.

జాగ్రత్తగా ఉండు.

నీ
మునికుమార్

సత్యవేడు,
ఏప్రిల్ 15

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం వార్డెన్ తెచ్చి ఇచ్చేసరికి హాస్టల్ అమ్మాయిలంతా చుట్టూ మూగారు. ఈ కాలంలో మొగుడు కాగితం పంపాడంటే విడాకులకే అనుకున్నారట. పైకి చదివి వినిపించాక పోయారు. పేడ ఎరువు దగ్గర ఒకమ్మాయి నిట్టూర్చింది కూడా.

ఇప్పుడు నా మాట. కొత్త షెడ్డు జూన్‌లో తెరుస్తారు. స్టోర్స్‌లో మనిషి కావాలని ఆఫీసులో రేవతి మేడం నన్నే అడిగింది. రెండు గదుల క్వార్టర్ ఇస్తారు. పాపకు బడి దగ్గరే. నేను పదిహేను రోజులకొకసారి ఇంటికి వచ్చి, పాపకు తల దువ్వి, మళ్లీ బస్సెక్కే పని తప్పుతుంది. కొత్త షెడ్డు వస్తే కంపెనీ బస్సు పుత్తూరు దాకా వేస్తామని కూడా అంటున్నారు. మూడేళ్లుగా అంటూనే ఉన్నారు, కాబట్టి అది నమ్ముకోలేను.

నీ చిగురు సంతోషం నాకు తెలుసు. కానీ నీ చేతిపని మీద నీకున్న నమ్మకం నాకు లేదు, చెప్తే కోపగించుకోవద్దు. ఆ అవ్వ చెట్టునే తీసుకో. రెండో ఏడు మేక దాన్ని మొదలు దాకా కొరికేసింది. మళ్లీ చిగురు వేసింది సరే. అతుకు పైనుంచి వేసిందా, కిందనుంచా? పైనుంచైతే అవ్వ కాయ. కిందనుంచైతే వేరుమొక్క కాయ, ఉత్త నాటుది. పైనే అంటావు నువ్వు. కిందే అంటుంది అత్త. ఇన్నేళ్లు ఆ చెట్టుకు నీళ్లు పోశావు, అది ఏ చెట్టో ఇప్పటికీ నీకు తెలియదు.

అందుకని ఒక పందెం. ఆ కాయ పండనీ. అవ్వ కాయే అయితే నేను జన్మలో స్టోర్స్ మాట ఎత్తను. నాటుదైతే నువ్వు సంచి సర్దుకుని రావాలి. అవ్వ పోయాక ఆ చెట్టు కాపే మానేసింది, అప్పటికి నేను చిన్నదాన్ని. నా నాలుక నీ వైపు లాగుతుందో జీతం వైపు లాగుతుందో నాకే తెలియదు. నువ్వు ఆ కాయ తిననే లేదు. కాబట్టి ఆ చెట్టు కింద పెరిగిన మనిషే తిని చెప్పాలి. మా నాయన.

ఏమంటావు?

స్రవంతి

పుత్తూరు దగ్గర,
ఏప్రిల్ 29

ప్రియమైన స్రవంతికి,

పందేనికి ఒప్పుకున్నాను. మీ నాయన తీర్పరి అంటే మేకను చేనుకు కాపలా పెట్టడమే. నాకు పిల్లనిచ్చిన రోజునుంచీ నన్ను ఉద్యోగంలో చూడాలని ఆయన పట్టు. అయినా సరే. అతుకు పైనుంచే చిగురు వచ్చింది. నేను చూశాను.

ఈ మాట అమ్మతో అంటే, "నువ్వు సూసింది పొద్దున. మేక కొరికింది ముందురోజు సందేళ. నా కండ్లతో నేను సూసినాను, కిందనే కొరికింది" అంది.

"చూస్తా ఎందుకు నిలబడినావమ్మా? అదిలించచ్చు కదా?"

"పాలిచ్చే మేకరా అది."

మొన్న గాలివాన వచ్చింది. వాన తక్కువ, గాలి ఎక్కువ. పిందెలన్నీ రాలి మూడు మిగిలాయి. లోహిత తన రిబ్బను తెచ్చి ఒక కాయకు కట్టింది, అది పడిపోకుండానట. కట్టిన ముడి చూస్తే మంచి అంటుకట్టేది అవుతుందనిపించింది. నువ్వు వద్దంటావని ఆమెకు చెప్పలేదు.

మీ నాయన నిన్న టీవీఎస్ వేసుకుని వచ్చాడు. నేను కత్తి, పట్టీలు సంచిలో పెట్టుకుని బయలుదేరుతున్నాను.

"ఏమప్పా అల్లుడా, యాడికి పోతాండావు?"

"అమర్‌నాథన్న తోటకు మామా. ముసలి తోతాపురి చెట్లకు తలలు కొట్టి పెట్టినాము. కొత్త కొమ్మలు పలచన చెయ్యాల."

"ఏమిస్తాడు ఆయప్ప?"

"ఇస్తాడులే మామా."

"ఇస్తాడులే అంటే అది జీతమా, దీవెనా?"

నేను సంచి భుజాన వేసుకున్నాను. నువ్వు పందెం సంగతి ఆయనకు ముందే చెప్పావట. బావి దగ్గరికి పోయి, చెట్టు చుట్టూ తిరిగి, అతుకు దగ్గర వంగి చూశాడు. ఇప్పుడు అక్కడ బెరడు ముదిరిపోయింది, ఏమీ తెలియదు. "పండనీ. తిని చెప్తా. అల్లుడని దయ సూపించేది లే, బిడ్డ ఉద్యోగం చెప్పిందని అబద్ధమాడేదీ లే" అన్నాడు. అమ్మ మజ్జిగ ఇస్తే తాగి, చక్కెర తక్కువైందన్నాడు. మజ్జిగలో చక్కెర వేసుకునే మనిషి రుచి చెప్తాడట. దేవుడా.

నీ
మునికుమార్

సత్యవేడు,
మే 16

బావకు,

ఇది పొట్టి ఉత్తరం. కోపంలో రాస్తున్నాను.

నిన్న లోహిత ఫోనులో, "అమ్మా, నాయన మేకపిల్లను తెచ్చినాడు, దాని పేరు లడ్డు" అంది. కొన్నారా అని అడిగాను. "లేదు, అమర్‌నాథ్ పెదనాయన డబ్బులకు బదులు ఇచ్చినాడు" అంది. ఉద్యోగం మాట ఫోనులో ఎత్తకూడదు కాబట్టి పళ్లు కొరుక్కుని, లడ్డుకు ఏం పెడుతున్నారని అడిగాను.

నెల రోజులు తోటలో పని చేసి అంటు కట్టేవాడు మేకను తెచ్చుకున్నాడు! ఈ మాట ఎవరికి చెప్పుకోను? లైన్లో నా పక్కన కూర్చునే అమ్మాయికి చెప్తే మధ్యాహ్నం దాకా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, అది వేరే సంగతి.

నువ్వు చేసే పని నీకు ఇష్టమని, దానికి కూలి అడగడానికి సిగ్గుపడతావు. నీకు ఇష్టమైనంత మాత్రాన తోట వాళ్లకు అది ఊరికే రావాలా? నేను సర్క్యూట్ బోర్డు టెస్టు చేసేటప్పుడు ఒక్కోసారి మిషను చెప్పకముందే చప్పుడును బట్టి తప్పు యాడుందో కనిపెడతాను. ఆ రోజంతా నాకు హుషారుగా ఉంటుంది. అట్లాగని ఆ నెల జీతం వద్దని చెప్పానా?

రేవతి మేడం జూన్ పదో తేదీ దాకా ఆగుతానంది. నువ్వు రాకపోతే వేరే అబ్బాయిని తీసుకుంటుంది.

లడ్డును బావి దగ్గరికి పోనివ్వకు.

స్రవంతి

పుత్తూరు దగ్గర,
జూన్ 9, పొద్దున

ప్రియమైన స్రవంతికి,

ఈ ఉత్తరం మీ నాయన చేతికే ఇస్తున్నాను. ఆయన బావి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. బస్సుకు టైమవుతోందని తొందరపెడుతున్నాడు.

మూడింటిలో ఒకటి ఉడుత తిన్నది. ఒకటి పుచ్చిపోయింది. రిబ్బను కట్టిన కాయ మిగిలింది. దాన్ని కోసి గడ్డిలో మాగబెట్టాం. నిన్నటికి పసుపు తిరిగింది, కబురు చేశాను. పొద్దున్నే వచ్చాడు.

అమ్మ, లోహిత, నేను వరసగా నిలబడ్డాం. లడ్డు కూడా ఉన్నాడు, తాడుతో కట్టే ఉంచాను. మీ నాయన కాయను చేతిలో తిప్పాడు. తొడిమ దగ్గర వాసన చూశాడు. అమ్మను ఉప్పు అడిగాడు. పండుకు ఉప్పెందుకని అమ్మ అంటే, "తెమ్మంటే తే వదినా" అన్నాడు. తొడిమ వైపు ఒక బిళ్ల కోసి, దాని మీద రెండు ఉప్పురాళ్లు పెట్టుకుని తిన్నాడు. ఆ పైన కత్తిని తువ్వాలుకు తుడుచుకున్నాడు. లోహిత ఆగలేక, "తాతా, గెలిచినామా?" అంది.

"నోరు మూసుకొని రుచి సూడు" అని ఆమెకొక ముక్క, నాకొక ముక్క ఇచ్చాడు.

తీపిగానే ఉంది. టెంక దగ్గర కొద్దిగా సోంపు వాసన. కానీ నాటుకాయ కూడా తీపిగా ఉండొచ్చు, దానికీ వాసన ఉండొచ్చు. నాకు ఏమీ తెలియడం లేదు. ఇన్నేళ్లలో ఎన్ని వందల అంట్లు కట్టానో, ఈ ఒక్క ముక్క ఏ చెట్టుదో మాత్రం చెప్పలేకపోయాను.

"మామా, ఏదో ఒకటి చెప్పు" అన్నాను.

"పందెం కట్టింది నా బిడ్డ. ఆడికే పోయి చెప్తా" అని మిగిలిన సగం తువ్వాలులో చుట్టుకున్నాడు. ఆయన ముఖంలో ఏమీ దొరకదు, నీకు తెలుసు కదా.

ఐటీఐ సర్టిఫికెట్ పెట్టెలోంచి తీశాను. తెల్ల షర్టు ఉతికి ఆరవేశాను. ఓడితే ఓడానని రాయి, వచ్చేస్తాను. మాట మాటే. కత్తిని సాన పట్టి నూనె రాసి గుడ్డలో చుట్టాను. తుప్పు పట్టకూడదని అంతే.

బస్సు హారను వినపడుతోంది.

నీ
మునికుమార్

సత్యవేడు,
జూన్ 10

ప్రియమైన బావకు,

తెల్ల షర్టు మడిచి లోపల పెట్టు. పెళ్లిళ్లకు పనికొస్తుంది.

నాయన నిన్న మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. తువ్వాలులో ఏముందని సెక్యూరిటీ వాళ్లు అడిగితే చూపించనన్నాడట. నేను టీ బ్రేకులో పరిగెత్తేసరికి ఇద్దరు గార్డులతో గొడవ పడుతున్నాడు. వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. తువ్వాలు విప్పి, జేబులోంచి ఉప్పు పొట్లం తీసి, "తిను" అన్నాడు.

తిన్నాను. టెంక దాకా వచ్చేసరికి ఆ సోంపు వాసన తగిలింది. మా పెరట్లో తప్ప నేను దాన్ని ఇంకెక్కడా ఎరగను. అవ్వ తొడిమ దగ్గర ఉప్పు పెట్టి ఇచ్చేదన్న సంగతి నేను మరిచేపోయాను. నాయన మరవలేదు.

అయినా ఆయన నోటితోనే వినాలని, "తీర్పు చెప్పు నాయనా" అన్నాను.

"తీర్పేమిటికే? మీ ఆయన్ను నాకు ఇరవై అంట్లు కట్టమను. పెరట్లో స్థలం లేకపోతే చేను గట్టున పెడతా."

"అయితే అవ్వ కాయేనా?"

"నాటుకాయకు ఇరవై అంట్లు అడుగుతానా? బుద్ధుండాదా నీకు?"

ఆయన కోరుకున్నది ఇది కాదు. కాదని ఒక్క మాట అంటే నువ్వు ఈరోజు స్టోర్స్‌లో ఉండేవాడివి. ఆ మాట అనలేదు. అది నువ్వు గుర్తుపెట్టుకో. ఈసారి వచ్చినప్పుడు ఆయన మజ్జిగలో నువ్వే చక్కెర వెయ్యి.

"మరి అంట్లకు డబ్బులు?" అన్నాను.

"అల్లుడికి డబ్బులేంది?"

"అల్లుడైతే ఏం? పని పనే" అన్నాను. గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు. కాబట్టి బావా, నీ మొదటి గిరాకీ మా నాయన. ఆయన దగ్గర కూలి అడిగి తీసుకోగలిగితే ఇంకెవరి దగ్గరైనా తీసుకోగలవు. ఇది నా షరతు. పందెం గెలిచావని మళ్లీ మేకలు తోలుకొస్తే ఊరుకోను.

ఇంకొకటి. నేను జీతం కోసం ఇక్కడ కష్టపడుతున్నానని, నువ్వు మనసుకు నచ్చిన పని చేసుకుంటున్నావని నీలో ఒక మూల బాధ ఉంది. అక్కర్లేదు. కొత్త షెడ్డులో టెస్టింగ్ లైను మొత్తం నాకే అప్పగించారు. పందెంలో నువ్వు ఓడితే నిన్ను ఇక్కడికి రప్పించుకునేదాన్ని కానీ, నేను ఇక్కడి పని మానేదాన్ని కాదు. నీ చిగురు నీకుంది, నా చప్పుడు నాకుంది.

పుత్తూరు వైపు నుంచి వచ్చే ఆడవాళ్లం అందరం కలిసి బస్సు కోసం రేవతి మేడంను పట్టుకుని కూర్చున్నాం. ఒకటో తేదీ నుంచి వేస్తున్నారు. ఆ రోజు సాయంత్రం నుంచి నాకు కూడా అన్నం వండమని అత్తకు చెప్పు. మేక కొరికింది పైనే అని కూడా చెప్పు. ఒప్పుకోదనుకో.

లోహితకు ముద్దులు. కొత్త రిబ్బను తెస్తానని చెప్పు.

నీ
స్రవంతి

తా.క. నాయన తిరుగు దారిలో మన ఇంటికి రాలేదని ఏమీ అనుకోవద్దు. నీ ముఖం చూడటానికి ఇంకో వారం పడుతుందన్నాడు. టెంకను తువ్వాలులో చుట్టుకుంటుంటే, టెంక పాతితే ఆ కాయ రాదు నాయనా అన్నాను. "తెలుసులేవే. వాసనకు" అన్నాడు. స్టోర్స్‌లో శ్రీకాళహస్తి అబ్బాయి జోయల్ ఈ ఉదయం చేరాడు. నిన్న నాయన మూడున్నర బస్సు ఎక్కేదాకా ఆ ఉద్యోగం ఖాళీగానే ఉంది, అది ఆయనకు తెలుసు.