పిచ్చుకపిల్ల గొంతు

షాహీదా అక్కకు,

నంద్యాల స్టూడియో నుంచి నీ తమ్ముడు రాసేది. ఫోన్లో చెప్పేదానికి నోరు రాలేదు.

మన పిచ్చుకల బొమ్మల సినిమా టీవీ వాళ్లు తీసుకున్యారు. వచ్చే ఆదివారం వేస్తారంట. పిచ్చుకపిల్లకు గొంతిచ్చిన నీ బిడ్డ మెహర్ జ్వరంతో పోయి రెండు నెల్లే కదా. ఆళ్లగడ్డలో నువ్వు ఉన్నట్టుండి ఆ గొంతు వింటే తట్టుకోలేవని వేరే పాపతో చెప్పించినాం. ఆ పాప మాటలకు తగ్గట్టు పిచ్చుకపిల్ల నోరు మళ్లీ గీయమంటే, బొమ్మలు గీసే రూబెన్ ఏడ్చినాడు. "మెహర్ మాటలకే గీసినా గదన్నా, నా చేత కాదు" అన్నాడు. అందుకని మెహర్ గొంతే ఉంచినాం.

వద్దంటే ఫోన్ చెయ్యి, మార్చేస్తాం. ఒకటి మాత్రం ముందే చెప్తాండా. చివర్లో పిచ్చుకపిల్ల "అమ్మీ" అంటాది. అది మేం రాసిన మాట గాదక్కా. రికార్డు చేసేటప్పుడు గది అద్దం అవతల నువ్వు కనపడితే మెహర్ నిన్నే పిలిచింది.