బోణీకి వేసిన కొసరు

వరంగల్,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి చైతన్యకు, మీ అమ్మ కోపంతోనే ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమమే. మీ నాన్న కొత్తవాడలోని జంపఖానాల దుకాణానికి వేళకు వెళ్లి, వేళ తప్పి వస్తున్నారు. నానమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. డాక్టరు రాసిన నూనె కన్నా పక్కింటి సమ్మమ్మతో పెట్టుకునే ముచ్చట్లే ఆమెకు బాగా పనిచేస్తున్నాయి. నువ్వు పుణెలో క్షేమంగా ఉన్నావని నీ ఫోటోలు చూస్తే తెలుస్తోంది. ఆ ఫోటోలు చూసే నాకు ఒళ్లు మండింది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నేను గట్టిగా అంటే నువ్వు నవ్వుతావు. "అమ్మా, జర కూల్" అంటావు. నాకు కూల్ కావాలని లేదు. ఈ కాగితం పొయ్యితో పాటు ఒకే పార్సిల్‌లో వస్తోంది. పొయ్యి మీద చెయ్యి వేసే ముందు ఇది మొత్తం చదువు.

నాలుగు పొయ్యిల ఫోటోలు పంపి, కొండలెక్కేటప్పుడు మోసుకుపోవడానికి ఏది బాగుంటుందో చెప్పమ్మా అన్నావు. మొదట చాలా సంతోషపడ్డాను. ఇరవై ఐదేళ్లుగా పొయ్యిల ముందు కూర్చున్న దాన్ని. ఊళ్లో అందరూ బర్నర్ మంట ఎర్రగా వస్తోందని, పైపు మార్చాలని నా దగ్గరికి వస్తారు కానీ, కన్నకొడుకు ఒక్కనాడూ నా పని గురించి ఒక్క మాట అడిగింది లేదు. మీ నాన్నకు ఫోన్ ఇచ్చి మరీ చూపించాను. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని, కింద నువ్వు రాసిన మిగతాదంతా చదివాను. సంతోషం అంతటితో సరి.

ముందు నీ నాలుగు పొయ్యిల సంగతి తేలుస్తాను. మొదటిది గుప్పెడంత స్పిరిట్ పొయ్యి. పగటి ఎండలో దాని మంట కంటికి కనపడదు. ఆరిపోయిందనుకుని ఎవడో ఒకడు మళ్లీ స్పిరిట్ పోస్తాడు. పైగా నీకూ నీ ముగ్గురు స్నేహితులకూ అన్నం దాని మీద ఉడికేసరికి మీరు కొండ దిగే వేళ అవుతుంది. రెండోది ఎండుపుల్లల పొయ్యి. మీరు కొండలెక్కేదే వానాకాలంలో. అక్కడ మీ కోసం ఎవరైనా కట్టెల అడితి పెట్టి కూర్చున్నారా?

మూడోది నీకు బాగా నచ్చింది, ఎందుకంటే అది డెబ్బై మూడు గ్రాములట. గ్యాస్ డబ్బా నెత్తిన బిగించే పొయ్యి. మూడు పుల్లల్లాంటి కాళ్లు, వాటి మీద నలుగురికి సరిపడే గిన్నె. ఒకడు గరిట తిప్పితే చాలు, అన్నం నేల పాలవుతుంది, అది కూడా ఎవరి కాళ్ల మీదా పడకపోతేనే. ఒక్కడివే టీ కాచుకోవడానికి అయితే సరే అనేదాన్ని. నలుగురికి వద్దు. నాలుగోదాన్ని "అంకుల్ మోడల్, బరువు" అని రాశావు. అదే పంపుతున్నాను. పొయ్యి నేల మీద వెడల్పుగా కూర్చుంటుంది, డబ్బా పైపుతో మూరెడు దూరంలో ఉంటుంది. మంట వేడి డబ్బాకు తగలదు. బరువు అంటావా, నువ్వు సంచిలో వేసుకుపోయే పాటల డబ్బా ఎంత బరువో నాకు తెలుసు.

గ్యాస్ డబ్బాలు మాత్రం పంపడం లేదు. పార్సిల్‌లో గ్యాస్ పంపకూడదు. వెళ్లే ప్రతిసారీ అక్కడే కొత్తది కొనుక్కో.

ఇంకో ఫోటో ఉంది. గుడారం లోపల, జిప్పు వేసుకుని, మధ్యలో పొయ్యి పెట్టి నూడుల్స్ ఉడికిస్తున్నారు. నలుగురూ ఇకిలిస్తున్నారు. దాన్నుంచి వచ్చే విషగాలి కనపడదు, వాసన రాదు, నిద్ర వచ్చినట్టే ఉంటుందని నీకు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాను? స్టవ్ రిపేరు దుకాణం గల్లాపెట్టె మీద కూర్చుని హోంవర్కు చేసిన పిల్లవాడివి. వేరే వాళ్లకు తెలియకపోతే తెలియకపోయింది, నీకు తెలిసి ఎట్లా కూర్చున్నావు ఆ గుడారంలో? బయట వాన పడితే తడువు. వండుకోవడం కుదరకపోతే అటుకులు తిను. లోపల మాత్రం వెలిగించకు.

ఇక నీ చివరి మాటకు వస్తాను. "టేబుల్ సొరుగులో ఉన్న ఇత్తడి నాజిల్ పంపు అమ్మా. రూమ్ సిలిండర్ నుంచి ఖాళీ డబ్బాలు మేమే నింపుకుంటం. దసరాకు నువ్వు నింపిచ్చిన రెండు డబ్బాలకు ఏం కాలేదు గద" అని రాశావు.

అది చదివి దుకాణంలోనే అరిచాను. రెగ్యులేటర్ వాషర్ కోసం వచ్చిన ముసలి కట్టమ్మ ఉలిక్కిపడింది. "ఎవలను తిడ్తానవ్ బిడ్డా?" అంది.

"నా కొడుకును."

"వాడు ఈడ లేడు గద."

"లేడు గన్కనే గింత గట్టిగ తిడ్తాన."

ఆమె నవ్వి వెళ్లిపోయింది. ఒకసారి వాడి పారేసే డబ్బాలు అవి. వాటిని మళ్లీ నింపకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఇంటి సిలిండర్ గ్యాస్ ఒత్తిడిని తట్టుకునేలా వాటిని చెయ్యరు. ఈ పాడు విద్య నీకు ఎవరు నేర్పారురా అని అరిచిన దాన్ని, అరిచాక కుర్చీలో కూలబడ్డాను. ఎవరు నేర్పారో నాకు తెలియదా?

మొన్న ఫోన్లో "నీ గొంతు ఎందుకమ్మా అట్ల ఉంటాంది, పానం బాగలేదా" అని అడిగావు. జలుబు అన్నాను. జలుబు కాదు. మూడు నెలలుగా మీ నాన్నకు కూడా చెప్పని సంగతి ఒకటి ఉంది.

దీపావళి దాటాక ఒక సోమవారం, దుకాణం తెరిచి ఇంకా ఊదుబత్తి కూడా వెలిగించలేదు, ఒకతను ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చాడు. పేరు శేఖర్, ఉండేది సుబేదారిలో, అక్కడే ఒక ఆఫీసులో పని. సెలవు దొరికితే భార్యను, తెలిసినవాళ్లను తీసుకుని గుట్టలెక్కుతాడు. నా దగ్గర నింపుతారని ఎవరో చెప్పారట. ఆ వారం నాకే ఎందుకో మనసొప్పలేదు, ఇక ఈ పని మానేద్దాం అనుకుంటున్నాను. కానీ బోణీ బేరం. మీ తాత వెంకట్రాజం గారు దుకాణం నా చేతిలో పెట్టినప్పుడు చెప్పింది రెండే మాటలు: బోణీ మనిషిని ఉత్త చేతులతో పంపొద్దు, తూకం అయ్యాక కొసరు వెయ్యకుండా పంపొద్దు. ఆయన కిరోసిన్ అమ్మిన మనిషి. లీటరు పోశాక ఇంకో చిన్న గరిటెడు పోసేవారు, సీసా ఇంకాస్త నిండేది, కొన్నవాళ్లు సంతోషపడేవాళ్లు.

నేను డబ్బాను కాటా మీద పెట్టి, దాని మీద రాసినంత నింపాను. అక్కడ ఆపాలి. లోపల కాస్త ఖాళీ లేకపోతే వేడికి గ్యాస్ పెరిగి డబ్బాను చీలుస్తుందని నాకు తెలుసు. తెలిసీ, బోణీ కదా అని నాజిల్ ఇంకోసారి నొక్కాను. "కొసరు తమ్మీ" అన్నాను. అతను "నీ చెయ్యి మంచిదక్కా" అని పోయాడు.

ఇరవై రోజులకు మళ్లీ వచ్చాడు, కుడిచేతికి మోచేతి దాకా కట్టుతో. గుట్ట మీద టీ పెడుతుంటే డబ్బా మూతి దగ్గర భగ్గుమందట. భార్య పక్కనే కూర్చుని ఉందని, ఆ మండే డబ్బాను చేత్తోనే పట్టి దూరంగా విసిరాడట. ఆ డబ్బాను సంచిలోంచి తీసి నా ముందు పెట్టాడు. "ఫికర్ చెయ్యకు అక్కా, నిన్ను అంటలేను. తప్పు నాదే. గాలికి మంట నిలుస్తలేదని సుట్టూ రాళ్లు పేర్చిన. ఆ వేడికే గిట్లయింది. ఇంకెవలన్న వస్తే చెప్తవని తెచ్చిన" అన్నాడు.

లోపలికి గుంటగా ఉండాల్సిన డబ్బా అడుగు బయటికి ఉబ్బి ఉంది. రాళ్లు పెట్టడం తప్పే. కానీ నేను నింపకపోతే, నింపినా ఆ కొసరు వెయ్యకపోతే, ఆ చెయ్యి బాగుండేది. నాకు చూడగానే అర్థమైంది. అప్పుడు నేను ఏమన్నానో తెలుసా? "గట్ల రాళ్లు పేర్చొద్దు తమ్మీ, గంత తెల్వదా" అన్నాను. చెయ్యి కాల్చుకున్న మనిషికే బుద్ధి చెప్పాను. అతను తల ఊపి వెళ్లిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, కాలింది నా చెయ్యి కూడా కాదు.

నీ మీద ఇంత కోపం ఎందుకో ఇప్పుడు తెలిసిందా? నీ మీద ఉన్నది సగమే.

ఇక్కడిదాకా రాసి ఆపాను. నీకు చెప్పి అతనికి చెప్పకపోవడం ఏం న్యాయం అనిపించింది. చీర మార్చుకుని ఆటో ఎక్కి, సుబేదారిలో అతని ఇల్లు అడుగుతూ పోయాను. ఇప్పుడు సాయంత్రం, తిరిగొచ్చి మిగతాది రాస్తున్నాను.

శేఖర్ ఎడమచేత్తో పేపరు పట్టుకుని చదువుతున్నాడు. కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ వంగడం లేదు. గడపలోనే నిలబడి అంతా చెప్పాను, కాటా, కొసరు, ఉబ్బిన అడుగు, నేను చెప్పిన నీతి. అతని భార్య శ్రీలత అంది.

"మూడు నెలల సంది ఈయన తననే తిట్టుకుంటాండు. నేను గూడ అన్న. దవాఖానల కట్టు మార్చేటప్పుడు మొత్తుకుంటాంటే, నీ తెలివికి గిట్లనే కావాలె అన్న. నన్ను కాపాడవోయి కాల్చుకున్న మనిషిని గట్లన్న. ఇప్పుడు ఆ మాటలు నేనెట్ల వాపస్ తీసుకోవాలె? నువ్వు చెప్పక్కా."

నేను భయపడింది వాళ్లు నన్ను తిడతారని. నా మౌనం వాళ్లిద్దరి మధ్యకు పోయి కూర్చుందని నాకు తోచనే లేదు.

శేఖర్ పేపరు పక్కన పెట్టాడు. "ఇంకెంతమందికి నింపినవ్?"

"రాసుకోలే."

"యాదికున్నోళ్లకన్న ఫోన్ చెయ్యి. నేను పంపినోళ్లే ఇద్దరున్నరు." అని నా ముందే ఎడమచేత్తో ఫోన్ తీసి వాళ్లకు చెప్పాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. అనాలని కూడా నేను అనుకోలేదు. దవాఖాన ఖర్చు, వేళ్లకు ఇంకేం వైద్యం కావాలన్నా నాది అన్నాను. "చూద్దాం" అన్నాడు. అంతే. క్షమించాడని నీకు రాయలేను, ఆ మాట అతను అనలేదు.

రేపు దుకాణం ముందు అట్ట మీద రాసి పెడుతున్నాను, నా దగ్గర నింపించుకున్న డబ్బా ఎవరి దగ్గరున్నా వాడొద్దు, తెచ్చి ఇస్తే కొత్తది ఇస్తాను అని. మీ నాన్నకు ఇందాకే చెప్పాను. భోజనం చెయ్యకుండా లేచారు. ఆ అట్ట బజారంతా చదువుతుంది, చదవనీ.

ఒక్కటి మిగిలింది. దసరాకు నింపిచ్చిన డబ్బాలకు ఏం కాలేదు గద అన్నావు. అవును, ఏం కాలేదు. ఆ రెండింటినీ అదే కాటా మీద నేనే నింపాను. బయటివాళ్లకే అంత కొసరు వేసేదాన్ని, నా కొడుక్కు ఇంకాస్త ఎక్కువే వేశాను. వాటిని నేనే నీ సంచిలో పెట్టాను. రైల్లో ఆ సంచినే తల కింద పెట్టుకుని పడుకున్నానని పుణె దిగాక ఫోన్లో చెప్పావు. మంచి పని చేశావు, ఎవరూ ఎత్తుకుపోరు అన్నాను. ఏం కాలేదు అని ఇంకెప్పుడూ అనకు.

అడిగావు కాబట్టి ఇత్తడి నాజిల్ కూడా పంపుతున్నాను. పార్సిల్ అడుగున పాత పేపర్లో చుట్టి ఉంది. తాతగారి సుత్తితోనే కొట్టాను, ఇప్పుడది ఏ సిలిండర్‌కూ పట్టదు. నీ స్నేహితులు ముగ్గురికీ చూపించు. ఎందుకిట్లా నలిగిందని అడిగితే ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఇట్లు,
దసరాకు ఆ రెండు డబ్బాలు నీ సంచిలో పెట్టిన
మీ అమ్మ,
సుభాషిణి.