తలుపులో తూటా దిగిన కారు

బర్మాలో అహ్లోన్ పేట. 2021 మార్చి, ఆదివారం. సైన్యం గద్దెనెక్కి నెల దాటింది.

పక్కింటి దో నరసమ్మ ('దో' అంటే ఇక్కడ 'గారు') తన మొగుడికి దొర ఇచ్చిపోయిన పాత అమెరికా కారుని వేలానికి పెడుతోంది. కొడుకు జైల్లో ఉన్నాడు, లాయరుకి ఇవ్వాలి. మరమ్మతు చెయ్యని బండికే ధర ఎక్కువట. బాగుచేయిస్తే ఆ ఖర్చూ తిరిగి రాదట. కానీ మొన్న సిపాయిలు ఊరేగింపు మీద కాల్చినప్పుడు తలుపులో తూటా దిగింది. రేకు పని నాది కాబట్టి నా దగ్గరికొచ్చింది.

"అన్నయ్యా, ఆ కన్నం మూసెయ్యి. సిపాయిలు చూస్తే ఏటంతారు?"

"ముట్టుకుంటే ధర పడిపోద్దమ్మా."

"బండి వీధి దాటితేనే కదా ధర!"

రాత్రి ఎనిమిదింటికి వీధంతా, దెయ్యాన్ని తరిమినట్టు సైన్యాన్ని తరమాలని, గిన్నెలు వాయిస్తారు. ఆ మోతలో వినబడదని అప్పుడే రేకు సాపు చెయ్యడం మొదలెట్టాను. ఇంతలో సిపాయిల లారీ వచ్చింది. గిన్నెలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. నా సుత్తి మాత్రం ఇంకోసారి ఖంగుమంది.

లారీ మా గుమ్మం ముందే ఆగింది. ఇంకా కదల్లేదు.