కదురు తొడుగు

ప్రియమైన మొద్దుచెయ్యికి,

కొత్త ఇల్లు సర్దడం అయింది. వంటింటి కిటికీ దగ్గర వెలుతురు బాగుంది, మైక్రోస్కోప్ పెట్టుకోవచ్చు అనుకున్నాను. అనుకున్నాక ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది.

మీ హాస్టల్లో గోడలకు చెవులున్నాయి. అందుకే ఫోన్ చెయ్యకుండా రాస్తున్నాను. చదివి చించెయ్.

చేతులు వణుకుతున్నాయని సర్ నన్ను తీసేశాడు కదా. అవి వణికేది కోపంతో. ఎలుక కండలోంచి వెంట్రుకంత కదురును చిట్లకుండా లాగే చెయ్యి ఆయన ల్యాబ్‌లో ఇంకెవరికుంది? కండ ఎంత సాగిందో మెదడుకు చెప్పేది ఆ కదురే. కళ్లు మూసుకున్నా మన ముద్ద మన నోటికే అందుతోందంటే దాని చలవే. లోపల సన్నని పోగులు, వాటికి చుట్టుకున్న నరం కొస, పైన తొడుగు. ఆ తొడుగులోని ప్రోటీన్లు నరం మీది తొడుగులో ఉండేవి కావు, వేరని మొదట పట్టుకున్నది నేను. రంగు వేరుగా పడుతోందని చూపిస్తే, "మీ పని కదుర్లు తియ్యడం, ఆలోచించడం కాదు" అన్నాడు. నెల తిరక్కుండా అదే మాట తన మాటగా సభలో చెప్పుకున్నాడు. రాయబోయే పేపర్లో నా పేరూ వెయ్యమన్నాను. నెలాఖరు దాకా ఉండి వెళ్లిపొమ్మన్నాడు.

ఆ నెలాఖరులోపు నేను చేసిన పని నీకు చెప్పలేదు. ఫ్రీజర్ మూడో అరలో ప్రోటీన్లు ఏవో తేల్చే యంత్రానికి వెళ్లాల్సిన పన్నెండు ట్యూబులున్నాయే, వాటిలో కదుర్లు లేవు. అన్నీ పారబోసి సన్న నరం ముక్కలు నింపాను. ఆయన జన్మలో మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టినవాడు కాదు, తెలీదు. అచ్చయ్యాక అందరి ముందూ పరువు తీస్తాను. లేబుళ్ల మీద నీ చేతిరాతే ఉంది కాబట్టి అనుమానం కూడా రాదు. నువ్వు వాటి జోలికి పోకు, నోరు విప్పకు.

నీ వదిన


ప్రియమైన వదినా,

ఉత్తరం అందింది, చించేశాను. యంత్రం దగ్గర మన వంతు నాలుగు నెలలకు గాని రాదట. సర్ రోజూ తేదీ అడిగి గుమాస్తా ప్రాణం తీస్తున్నారు. నీ కుర్చీలో నన్ను కూర్చోమన్నారు. ఎత్తు కొంచెం తగ్గించుకున్నాను.

ఒక్క మాట అడగాలి. లేబుళ్ల మీద నా చేతిరాత, రిజిస్టరులో నా సంతకం. రేపు ఇది బయటపడితే సర్ ముందు నా మెడకే చుట్టేస్తారు. మోసం చేసిందని ముద్ర పడితే ఇక ఏ ల్యాబ్‌లోనూ గడప తొక్కనివ్వరు. నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదని నీకు తెలుసు. నా కోసం ఏం దారి ఆలోచించావో రాయి.

అన్నయ్యని అడిగానని చెప్పు.

జవాబు కోసం చూస్తూ,
నీ మరదలు


ప్రియమైన మరదలు పిల్లా,

పది నెలలైంది, రాయలేకపోయాను, ఏమీ అనుకోకు. పేపర్ అచ్చయింది, చూశాను. కదురు తొడుగు ప్రోటీన్లు నరం తొడుగువి కావంటూ పేజీ నిండా పట్టిక వేశాడు. నరం ముక్కలు పెడితే నరానికి వేరుగా ఎలా వస్తాయి? అంకెలు వండేశాడన్నమాట. నేను తవ్విన గోతిలో తనే ఇంకో మూర తవ్వుకున్నాడు. నేను పగలబడి నవ్వుతుంటే మీ అన్నయ్య కంగారుపడ్డాడు.

నీ సంగతంటావా, మహా అయితే నాలుగు రోజులు తిడతారు. ఉద్యోగం పోతే మా ఇంటికొచ్చెయ్, ఒక గది ఖాళీగానే ఉంది. ఇంత పెద్ద పని పెట్టుకున్నాక ప్రతి చిన్నదానికీ ఆగలేను.

వచ్చే నెల మీ హాల్లో జరిగే సభకు వస్తున్నాను. యంత్రానికి పది ట్యూబులు చాలాయని రాశాడు, మిగిలిన రెండూ జాగ్రత్త. అందరి ముందూ తెరిపిస్తాను. ఆ మొహం చూడాలి, అంతే నాక్కావలసింది.

నీ వదిన


ప్రియమైన మరదలా,

ఏం జరిగింది? నువ్వు మూడో వరసలో ఉండి తలెత్తి చూడలేదు.

"ఈ పట్టిక అబద్ధం. వీటిలో కదుర్లు లేవు, నరం ముక్కలు నింపింది నేనే" అని మూడొందల మంది ముందు చెప్పాను. సర్ మొహంలో నెత్తురుచుక్క లేదు. ట్యూబు తెచ్చారు, మైక్రోస్కోప్ కింద పెట్టి తెర మీద చూపించారు. మధ్యలో ఉబ్బి, రెండు కొసలా సన్నబడి, తొడుగు చెక్కుచెదరని కదురు. ఒకటి కాదు, ఇరవై. ఎవరో నవ్వారు. మోచెయ్యి పట్టుకుని నన్ను బయటికి నడిపించారు.

అంత శుభ్రంగా నేను తప్ప ఎవరు తియ్యగలరు? నాకు మతి పోయిందా? మీ అన్నయ్య కూడా నావైపు అదోలా చూస్తున్నాడు. వెంటనే రాయి.

నీ వదిన


వదినకు,

"ప్రియమైన" అని మొదలుపెట్టబోయాను, చెయ్యి రాలేదు.

నీకు మతి పోలేదు. ఆ కదుర్లు తీసింది నేను. నీ మొదటి ఉత్తరం అందిన మర్నాడే నరం ముక్కలు పారబోసి కూర్చున్నాను. మొదటి వారం తీసినవన్నీ చిట్లిపోయాయి. నాలుగు నెలలు, ఆదివారాలు కూడా మానకుండా తీసి పన్నెండు ట్యూబులూ నింపాను. తొమ్మిదేళ్లు పట్టకారుతో నా మణికట్టు మీద కొట్టి నేర్పావు, ఆఖరికి వచ్చింది.

అయినా నా కోసం ఏం దారి చూశావని నిన్ను అడిగాను. పది నెలలకు ఒక ఖాళీ గది చూపించావు. ట్యూబులు మార్చానని ఆ రోజే నీకు రాయొచ్చు, రెండు వాక్యాల పని. కావాలనే రాయలేదు.

ఆయన అంకెలు వండలేదు. తొడుగు ప్రోటీన్లు వేరని నువ్వన్నదే నిజం, యంత్రం అదే చెప్పింది. నువ్వు తేదీలు వేసి రంగుల బొమ్మలు గీసిన నోటుబుక్‌ని సర్ బీరువాలో దాచారు. తీశాను. చూసినట్టు ఆయన సంతకం కూడా ఉంది. సభకు నా సంచీలో తెచ్చుకున్నాను. నువ్వు లేచి "ఇది నా పని" అంటావేమోనని చివరిదాకా చూశాను. అని ఉంటే, ఎంత కోపమున్నా వచ్చి నీ పక్కన నిలబడేదాన్ని. నువ్వు "ఇది అబద్ధం" అన్నావు. ఇక అది నీదంటే ఎవరు నమ్ముతారు?

సర్‌ని వదిలానని అనుకోకు. రెండో పేపరుకి కదుర్లు కావాలి, తీసే చెయ్యి ఇక్కడ ఒక్కటే ఉంది. నా పేరు మొదట వేస్తామని రాసిస్తేనే ట్యూబు నింపుతానన్నాను. నీళ్లు నమిలి నమిలి ఒప్పుకున్నారు.

నోటుబుక్ పంపమని అడగకు. ఎందుకు పంపలేదని అన్నయ్య అడిగితే, నేను నిన్ను దారి అడిగిన ఉత్తరం, నువ్వు నాకిచ్చిన జవాబు, రెండూ నువ్వే చెప్పు.

మీ ఆయన చెల్లెలు